నలభై ఒకటో సీనుకు సంతకం

కాగితం ఇంకా రాలేదు. పదకొండింటికి వస్తుందన్నారు, పన్నెండు కావస్తోంది. నన్నొక మడత కుర్చీలో కూర్చోబెట్టి, చేతిలో బార్లీ టీ పెట్టి పోయారు. మనిషి నోరు మూయించాలంటే ముందు చేతిలో ఏదో ఒకటి పెట్టాలి, ఆ కిటుకు నేను పోలీసు గదుల్లో చూశాను, అందుకే తాగలేదు, చల్లారనిచ్చాను. మూతపడ్డ నూలు మిల్లు ఆవరణలో ఒక వీధి కట్టారు, సైన్యం మీద ఊరు తిరగబడ్డ ఎనభయ్యో సంవత్సరం మే నెల నాటి మా గ్వాంగ్జు వీధి, చెక్క పలకలూ అట్టలూ రంగులూ, దగ్గరికెళ్ళి వేలితో కొడితే డొల్ల చప్పుడు, అయినా చూడగానే మా సందు ఎటో అని వెతుక్కున్నాను కాబట్టి బాగానే కట్టారనుకోవాలి. ఇవాళ బజారు ఆడవాళ్ళు అన్నం ముద్దలు పంచే సీను. నలభై ఒకటో సీను. అందరి ముఖాలకీ రంగు పూయడం అయిపోయింది, దీపాలు ఎత్తారు, కెమెరా పట్టాల మీద కూర్చుంది, కాగితం ఒక్కటే లేదు. వీళ్ళు సీరియళ్ళు తీసే పద్ధతే ఇదట. కథ మొత్తం ముందే రాసుకుని రారు, రచయిత్రి అప్పటికప్పుడు ఏ బండిలోనో కూర్చుని రాస్తుంది, ప్రింటర్లోంచి చీటీ వేడిగా వస్తుంది, నటులు జుట్టు దువ్వించుకుంటూ బట్టీ పడతారు, అరగంటలో తీసేస్తారు, వారంలో దేశమంతా చూసేస్తుంది. ఎవరికీ సరిచూసుకోవడానికి టైము ఉండదు. టైము లేని చోటే దొంగ దూరతాడు. నాకు ముందు ఇచ్చిన కథ సంగ్రహం ఇరవై భాగాలదీ చదివాను, కూడబలుక్కుని రెండుసార్లు చదివాను, అందులో మచ్చ లేదు. మచ్చ లేని కాగితం ముందు చూపించి మచ్చ ఉన్నది చివర పట్టుకొస్తారని నాకు ఎవరూ చెప్పక్కర్లేదు.

నా పేరు తక్ మల్సున్, వయసు అరవై, ఈ సీరియల్‌కి చరిత్ర సలహాదారునట. సలహాదారు అన్న మాట నా కార్డు మీద చూసి మా సంఘంలో ముసలాళ్ళు రెండు రోజులు నవ్వారు. ఆరో తరగతితో బడి మానేసి మిల్లులో దారాలు ముడేసిన దాన్ని, సభల్లో మైకు లాక్కుని అరిచే దాన్ని. అయినా మా సంఘం, అంటే ఆ మే నెలలో చచ్చిపోయిన వాళ్ళ ఇళ్ళవాళ్ళూ, జైలుకెళ్ళొచ్చిన మాలాంటి వాళ్ళూ, నన్నే పంపింది, ఎందుకంటే నాకు ఎవరి మీదా నమ్మకం ఉండదని అందరికీ తెలుసు. ప్రతి సీను కాగితం మీదా నా సంతకం పడాలి. నేను పెట్టకపోతే సంఘం పేరు తెర మీద పడదు, పడకపోతే మర్నాడు టీవీ వాళ్ళ గుమ్మం ముందు తెల్లబట్టలు కట్టుకున్న తల్లులు కూర్చుంటారు, అది వాళ్ళకీ తెలుసు. నలభై సీన్లకి పెట్టాను. ఈ నలభై ఒకటో దాని కోసమే నిద్ర పట్టనిది. ఒక్క గూఢచారి చాలు. ఆ జనంలో ఉత్తర కొరియా నుంచి దొంగతనంగా దిగిన వాణ్ణి ఒక్కణ్ణి, ఒక్కడంటే ఒక్కణ్ణి పెట్టారంటే, కథ రక్తి కట్టడానికి పెట్టామని పళ్ళికిలించారంటే, నలభై ఏళ్ళుగా ఇదంతా గూఢచారులు చేయించిన గొడవే అని కూస్తున్న నోళ్ళలో నెయ్యి పోసినట్టే. పదహారేళ్ళ పిల్లలు ఫోన్లలో ఆ ముక్క కత్తిరించుకుని చూస్తారు. మేం చెప్పింది ఎవడూ చదవడు, వీళ్ళు చూపించింది అందరూ చూస్తారు. అదీ ఇవాళ్టి పేచీ.

చిన్న చిన్న అబద్ధాలు పట్టుకోవడంలో నన్ను మించిన వాళ్ళు లేరని డైరెక్టరు సోక్ ఇప్పటికే ఒప్పుకున్నాడు, పాపం, ఒప్పుకోక ఏం చేస్తాడు. బియ్యం కొట్టు బోర్డు మీద ఫోను నంబరులో ఒక అంకె ఎక్కువుంటే చెరిపించాను. బుట్టలు మరీ కొత్తగా మెరుస్తుంటే బురదలో తొక్కించాను. ముద్దల కోసం వండిన అన్నం చూసి పోట్లాడాను, ఈ కాలపు బియ్యం, ముత్యాల్లా తెల్లగా, జిగురుగా, గట్టిగా అతుక్కుని బంతిలా నిలబడింది. మా అన్నం అలా ఉండేది కాదు. ప్రభుత్వం పండించమన్న కొత్త వంగడం, పొడిపొడిగా, సగం బార్లీ, పిడికిట్లో పిసికితే వేళ్ళ సందుల్లోంచి రాలేది, ఉప్పునీళ్ళలో చెయ్యి ముంచి ముంచి నొక్కాలి, ఎండు నాచు రేకు దొరికితే చుట్టాలి, దొరక్కపోతే అలాగే. ముద్దలు చేయడం నాకు నేర్పింది నాజు అత్త. నాజు అనే ఊరి నుంచి కోడలై వచ్చింది కాబట్టి బజారంతా నాజు అత్తే, అసలు పేరు ఆవిడ సమాధి మీద చూసేదాకా నాకూ తెలీదు. నేను మొదటి ముద్ద చేసి చూపిస్తే, "ఇదేంటే, తినడానికా, ట్యాంకు మీదకి విసరడానికా," అంది. చుట్టూ పదిమంది ఆడవాళ్ళు నవ్వారు. రెండు వీధుల అవతల శవాల మీద గుడ్డలు కప్పుతున్నారు, ఇక్కడ మేం నవ్వాం, ఈ నవ్వు మాత్రం వీళ్ళు తియ్యరు, వీళ్ళ ఆడవాళ్ళు ముద్దలు చేస్తూ ఏడుస్తారు, వయొలిన్ వేస్తారు. నా వేషం వేస్తున్న పిల్ల ఇందాక వచ్చి రెండు చేతులూ నా ముక్కు ముందు పెట్టింది. "చూడండి పెద్దమ్మా, మిల్లు పిల్ల చేతులు ఇంత నున్నగా ఉండవన్నారని పదిహేను రోజుల నుంచి క్రీము రాయలేదు. మా అమ్మ తిడుతోంది." మంచి పిల్లే. మంచి పిల్లలతోనే చెడ్డ మాటలు పలికిస్తారు.

రచయిత్రి బండి అదిగో, గేటు దగ్గర, అద్దాలకి తెరలు. పేరు ప్యో హేరిన్, ముప్ఫై ఆరేళ్ళు, నన్ను టీచరుగారూ అంటుంది, నేనెవరికీ ఏమీ నేర్పలేదమ్మా అంటే నవ్వి మళ్ళీ టీచరుగారూ అంటుంది. సియోల్ మాట మాట్లాడుతుంది, రేడియోలో వార్తలు చదివినట్టు, ఏ ఊరి మట్టీ అంటని మాట. నెల రోజులు నమ్మాను. పోయిన మంగళవారం మెట్ల కింద ఫోనులో వాళ్ళమ్మతో మాట్లాడుతుంటే విన్నాను, మాట చివర బరువేసి దించే ఆ తీరు, డేగు యాస, అచ్చమైన తూర్పు యాస. డేగు పిల్ల. సంగ్రహంలో చెప్పలేదు, పరిచయంలో చెప్పలేదు, నాలుగుసార్లు మా సంఘం ఆఫీసులో మా కిమ్చీ తిని పోయింది, అప్పుడూ చెప్పలేదు. దాచింది అంటే దాచడానికి ఏదో ఉంది. మా మీదకి వచ్చిన జనరళ్ళ ఊళ్ళు అటువేపు, తరవాత ఇరవై ఏళ్ళు ఓట్లన్నీ అటువేపు, మమ్మల్ని ఎర్రోళ్ళు అన్న నోళ్ళు అటువేపు. ఆ రోజు నుంచి ఆ పిల్ల రాసిన ప్రతి ముక్కా ఎదురు వెలుగులో పెట్టి చూస్తున్నాను. ఆ యాస. చెవిలో పడగానే నాకు మనిషి ముఖం కనపడదు, చెయ్యి కనపడుతుంది. చాపిన చెయ్యి. వద్దు. అటు పోవద్దు. ఎండ ఎక్కువైంది, గొడుగు ఎవరు పట్టుకుపోయారో.

నన్ను పట్టుకున్నాక జూన్‌లో ఒక గదిలో పెట్టి అడిగిందల్లా అదే, ఎవడే మీలో ఉత్తరం వాడు, పేరు చెప్పు, పేరు లేకపోతే పోలిక చెప్పు. నేను చెప్పలేదు. పళ్ళు రెండు పోయాయి, చెప్పలేదు. మాలో ఎవడూ లేడు, ఉన్నది మేమే, బస్సు డ్రైవర్లూ మిల్లు పిల్లలూ హోటళ్ళలో గిన్నెలు తోమేవాళ్ళూ, ఇదే మాట నలభై ఏళ్ళుగా అరుస్తున్నాను. సియోల్లో అరిచాను, ఎన్నికల సభల్లోకి దూరి అరిచాను, ఒక పెద్దమనిషి మీద చేపల పులుసు పోసి మూడు నెలలు లోపల ఉన్నాను. అసలు గూఢచారి అన్న మాటతో ఎంత పని జరుగుతుందో నాకు తెలిసినంత ఈ టీవీ వాళ్ళకి తెలీదు. ఆ మే నెల ఇరవై అయిదో తేదీ పొద్దున, ఊరు ఇంకా మా చేతుల్లోనే ఉంది, సైన్యం పొలిమేరల్లో కాచుకునుంది, సచివాలయం భవనంలో ఎవడో విషపు సూది గుచ్చారని కేకలేశాడు. లోపల గూఢచారులున్నారట అని పదినిమిషాల్లో బజారుకి పాకింది. ఆ కేకలు సైన్యం ఆడించిన నాటకం అని తరవాత తేలింది, తేలేసరికి చేయాల్సింది చేసిపెట్టింది. అప్పటిదాకా ఎవరు చెయ్యి చాపినా ముద్ద పెట్టిన మేం, ఆ మధ్యాహ్నం నుంచి ముఖాలు చూడ్డం మొదలెట్టాం. ముందురోజు వానకి తడిసిన నేల, ఆవిరి, గుండిగ కింద కట్టెల పొగ. మేం అంటే ఎవరు. నాజు అత్త చూడలేదు. ఆవిడ తల వంచుకుని ముద్దలు నొక్కుతూనే ఉంది.

కాగితం వచ్చింది. హేరినే పట్టుకుని పరిగెత్తుకుంటూ వచ్చింది, జుట్టులో పెన్సిలు, కళ్ళు ఎర్రగా. "ఆలస్యమైంది, టీచరుగారూ. ఈ సీను ఆరుసార్లు రాశాను." రెండు చేతులతో ఇచ్చింది. ఇంకా వెచ్చగా ఉంది. కళ్ళజోడు పెట్టుకుని వేలు కింద పెట్టుకుని చదివాను, గూఢచారి కోసం వెతుక్కుంటూ చదివాను. బజారు. ఆడవాళ్ళు. గుండిగ. వరస. తుపాకులు భుజాన వేసుకున్న కుర్రాళ్ళు. వరసలోకి ఒక కొత్త మనిషి వస్తాడు, మాసిన చొక్కా. నోరు విప్పుతాడు. తూర్పు యాస. వరసంతా నిశ్శబ్దం. ఇదిగో, వచ్చాడు, పెట్టింది ఈ డేగు పిల్ల, ఇప్పుడు వాడి జేబులో రేడియో దొరుకుతుంది. దొరకలేదు. మిల్లు పిల్ల అతని ముఖంలోకి చూస్తుంది, ఒక ముద్ద పెడుతుంది, ఇంకో ముద్ద కూడా పెడుతుంది, ఆకలికి ఊరు ఉండదు తినన్నా అంటుంది. అంతే. కాగితం అయిపోయింది. వెనక్కి తిప్పి చూశాను, వెనక ఖాళీ. మళ్ళీ చదివాను. గూఢచారి లేడు. ఎక్కడా లేడు. ఉన్నదల్లా ఒక వాక్యం, ఆ వాక్యం నాది.

ఎనభై తొమ్మిదిలో అన్నాను దాన్ని. నోరు విప్పినా జైల్లో వెయ్యరని తేలాక, చర్చి హాల్లో సాక్ష్యాలు రాసుకున్నారు, మూడొందల మంది కూర్చున్నారు, సియోల్ నుంచి పేపర్ల వాళ్ళొచ్చారు. ఒకడు లేచి, మీకు తూర్పు వాళ్ళంటే పగ కదా, ఆ రోజుల్లో ఆ యాస వినపడితే కొట్టారటగా అని అడిగాడు. నా ఒళ్ళు మండింది. ఈ పగ మేం పెట్టింది కాదు, పైవాళ్ళు పెట్టింది, ఓట్ల కోసం పెట్టింది, అది జనానికి తెలియాలి, దానికో ఉదాహరణ కావాలి, మైకు నా చేతిలో ఉంది. ఏ ఊరని మేం అడగలేదు, తూర్పు యాసలో అడిగిన వాడికి రెండు ముద్దలు పెట్టాం, ఆకలికి ఊరు ఉండదు అన్నాను. హాలు చప్పట్లతో దద్దరిల్లింది. అది పుస్తకంలో పడింది, గోడల మీద పడింది, ప్రతి మే నెలలో బడిపిల్లలు నాకే అప్పజెబుతారు. పనికొచ్చింది. చాలా పనికొచ్చింది. అబద్ధాలు పట్టుకునే పని మీద ఇన్నేళ్ళు తిరిగాను, సైన్యం లెక్కల్లో, పేపర్లలో, పాఠాల్లో, బియ్యం కొట్టు బోర్డు మీద, ఒక్కసారి కూడా నా నోట్లో వెతకలేదు.

హేరిన్ నా ఎదురుగా మోకాళ్ళ మీద కూర్చుంది. "నేనొకటి దాచాను, టీచరుగారూ. మాది డేగు. చెబితే మీరు మాట్లాడరేమోనని భయపడ్డాను. మా ఇంట్లో గ్వాంగ్జు పేరెత్తేవాళ్ళు కాదు. కాలేజీలో మీ సాక్ష్యం చదివాను, ఆ రెండు ముద్దల దగ్గర ఏడ్చాను. ఇది రాయాలని అప్పుడే అనుకున్నాను." పెన్ను మూత తీసి నా వైపు పెట్టింది. సంతకం చేసే గడి ఖాళీగా ఉంది, కింద నా పేరు అచ్చు వేసి ఉంది. ఒక గీత గీస్తే అయిపోతుంది. గీస్తే ఎవరికి నష్టం. సీరియల్ బాగుంటుంది, మా వాళ్ళు ఏడుస్తారు, డేగులో కూడా ఏడుస్తారు, నలభై ఏళ్ళుగా మేం అడుగుతున్నది అదేగా. నష్టం ఎవరికంటే ఒక్కడికి. వాడి పేరు నాకు తెలీదు. మా శ్మశానంలో పేరు లేని రాళ్ళు కొన్ని ఉన్నాయి, ఎవరిదో తెలియని ఎముకలు, మే నెలలో మా ఊళ్ళో సగం ఇళ్ళలో ఒకేసారి చచ్చిపోయిన వాళ్ళకి అన్నం పెడతారు, ఆ రాళ్ళకి ఇల్లు లేదు కాబట్టి సంఘం పెడుతుంది, ప్రతి ఏడూ నేనే ముందు నిలబడి పెడతాను, మొదటి రాయి ముందు ఒక గిన్నె, రెండో రాయి ముందు ఒక గిన్నె, అందులో వాడున్నాడో లేడో, డేగులో మనవల్ని ఎత్తుకుని తిరుగుతున్నాడో, నాకు తెలీదు. తెలుసుకోవడానికి ఎన్నడూ పోలేదు. తెలుసుకోకుండా ఉండటానికే అంత గట్టిగా అరిచానేమో.

"ఇది అబద్ధం," అన్నాను.

"ఏది, టీచరుగారూ? చొక్కానా?"

"ముద్ద. పెట్టలేదు. పెట్టి వెనక్కి తీసుకున్నాను."

ఆ పిల్లకి అర్థం కాలేదు, మళ్ళీ చెప్పాల్సొచ్చింది. ఈసారి డైరెక్టరు సోక్ కూడా వచ్చి నిలబడ్డాడు. ఒక్కొక్క ముక్కా చెప్పాను, సభలో చెప్పినట్టు కాదు, తప్పు చెప్పుకునే వాళ్ళు ఎలా చెబుతారో అలా. చెప్తున్నంతసేపూ హేరిన్ నేల చూస్తూనే ఉంది. తల ఎత్తాక దాని నోట్లోంచి సియోల్ మాట రాలేదు. "అయితే నేనేటి చదివాను అన్నేళ్ళూ," అంది, వాళ్ళమ్మతో మాట్లాడే గొంతుతో. సోక్ గడ్డం రుద్దుకున్నాడు. అతను పని మనిషి, పని మాటే మాట్లాడాడు.

"పెద్దమ్మా, ఇలా తీస్తే ఆ మూక ఊరుకుంటుందా? చూశారా, గూఢచారులున్నారని వాళ్ళ ఆడవాళ్ళే అనుకున్నారు అని ఈ ముక్కే కత్తిరించి తిప్పుతారు. మీ సంఘం నన్ను బతకనిస్తుందా? మిమ్మల్ని బతకనిస్తుందా?"

"తిప్పుతారు."

"మరి?"

"లేని గూఢచారిని ఆ పొద్దున మాలో ఎవరు పుట్టించారో, ఆ పుట్టించినవాడు మా చేత ఏం చేయించాడో కూడా తియ్యి. ముందు విషపు సూది కేకలు తియ్యి, తరవాత ఇది తియ్యి. తిప్పేవాళ్ళని తిప్పనీ, అరవడానికి నేనింకా చావలేదు. రెండు ముద్దల సీనుకి మాత్రం సంతకం పెట్టను, బాబూ. నాదే అయినా సరే."

అతను హేరిన్ వైపు చూశాడు. హేరిన్ కాగితం నా చేతిలోంచి తీసుకుని, జుట్టులోంచి పెన్సిలు లాగి, ఆ వాక్యం కొట్టేసింది. మెల్లగా, ఒకే గీతతో. "ఏమన్నారో చెప్పండి," అంది.

చెప్పడం చేతకాక చూపించాను. లేచి గుండిగ దగ్గరికెళ్ళాను, నా వేషం పిల్ల పక్కకి జరిగి జాగా ఇచ్చింది. ఆ మాసిన చొక్కా నటుడు వరసలోంచి వచ్చి నా ముందు నిలబడ్డాడు. అతనికి మాటలు నేనే అందించాను, నా చెవిలో చెక్కుచెదరకుండా ఉన్నాయి. అతను పట్టేశాడు, యాసతో సహా.

"నాకూ ఒకటెట్టక్కా. నిన్నట్నుంచి ఏటీ తిన్లేదు."

పెట్టాను. పెట్టిన చేత్తోనే ఆగాను. "నీ మాట ఈ ఊరిది కాదు. ఎవరు పంపారు నిన్ను?"

"ఎవులూ పంపలేదక్కా. కూలి పనికొచ్చాను. బస్సుల్లేవు."

అతని అరచేతిలో ఉన్న ముద్ద నేను తీసేసుకున్నాను. అప్పుడు ఎంత తేలిగ్గా వచ్చిందో ఇప్పుడూ అంత తేలిగ్గానే వచ్చింది, నాలుగు మెతుకులు మాత్రం అతని చేతికే ఉండిపోయాయి. "వీడు గూఢచారి," అని వరస అంతటికీ వినపడేలా అన్నాను, నా గొంతు అప్పుడే సభలకి తయారైన గొంతు. అతను పిడికిలి మూశాడు, అది నేను చెప్పలేదు, నటుడు తనంతట తనే మూశాడు, ఆనాడు అతనూ అలాగే మూశాడు. నా వేషం పిల్ల నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది.

సోక్ పట్టాల పక్కనుంచి, గొంతు తగ్గించి అడిగాడు. "తరవాత అతను ఎటు పోయాడు, పెద్దమ్మా? సచివాలయం వైపా, స్టేషన్ వైపా? కెమెరా అటు తిప్పుకోవాలి."

నోరు తెరిచాను. వీధి రెండు వైపులా చూశాను. అట్టల గోడలు, బురద తొక్కిన బుట్టలు, కరెంటు స్తంభం. ఎన్ని తప్పులు దిద్దాను ఈ వీధిలో.

"తెలీదు."

"అంటే, మర్చిపోయారా?"

"చూడలేదు. వెనకవాడు చెయ్యి చాపాడు. వాడికి పెడుతున్నాను."

"మరి కెమెరా ఎటు పెట్టమంటారు?"

"వెనకవాడి మీద పెట్టు."

మాసిన చొక్కా నటుడు ఎటు పోవాలో తోచక ఒక క్షణం నిలబడి, తర్వాత పక్కకి తప్పుకున్నాడు. నేను అటు చూడలేదు. వరసలో వెనకున్న మనిషి ఒక అడుగు ముందుకేసి చెయ్యి చాపాడు. ఉప్పునీళ్ళలో వేళ్ళు ముంచి, గట్టిగా నొక్కి, వాడికి పెట్టాను.